మూడో గుర్తు

శ్రీసభకు నాలుగు గుర్తులు, చెప్పరా, అనేవాడు
ఉపదేశి ఇన్నయ్య, ఫిరంగిపురం గుడి వసారాలో
చింతబరికె మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకొని.
ఏక. పవిత్ర.
ఆ తర్వాత నోరు ఎండిపోయేది.
నాలుగోది వచ్చేది, అపోస్తలిక.
మూడోదే ఎప్పుడూ జారిపోయేది,
పలచబడ్డ మాలు తాపీ మీంచి జారినట్టు.
ఆదివారానికి రెండు దెబ్బలు,
తపస్సు కాలంలో మూడు.

ఆ దెబ్బలు తిన్న చెయ్యే నాకు తిండి పెట్టింది.
పూతపని నేర్చి కువైట్ వచ్చింది.
మంగఫ్‌లో, ఫహాహీల్‌లో ఎన్ని గోడలు నునుపు చేసిందో,
ఒక్క గోడ వెనకా నేను కూర్చోలేదు.

పోయిన చలికాలం కంపెనీలో పని పలచబడి
ఆరు వారాలకని నన్ను ఫైలకా దీవికి పంపారు,
తవ్వకాల వాళ్ళకు సాయంగా.
పడవలో గంటకు పైనే. వాంతి చేసుకున్నాను.
దిగగానే తూట్లు పడ్డ ఇళ్ళు,
తొంభైలో సైన్యం వచ్చినప్పుడు ఖాళీ అయిన ఊరు.
ఒక మిద్దె మీద టీవీ యాంటెన్నా
ఇప్పటికీ ఏదో వింటున్నట్టే నిలబడి ఉంది.

దీవి నడుమ మోకాలెత్తు గోడలు.
"గుడి" అన్నట్టు తవ్వించే పెద్దమ్మ
గాలిలో వేలితో సిలువ గీసింది.
ఇక్కడా? అనుకున్నాను.
వెయ్యేళ్ళ పైమాటేనట.
మన రోము వాళ్ళు కారట, తూర్పు సంఘం వాళ్ళట,
సిరియా భాషలో జపం చెప్పుకునేవాళ్ళట.
ఎందుకు పోయారు? అనడిగాను.
నాకు తెలియదు, అంది.
అంత చదువుకున్న మనిషి ఆ మాట అనడం
నాకు బాగా నచ్చింది.

నా పని బొచ్చెతో ఇసుక మోయడం.
మూడోరోజు ఒక మూల ఊడుస్తుంటే పూత బయటపడింది.
జిప్సం. చూడగానే నవ్వొచ్చింది.
ఎవడో తొందరపడ్డాడు.
మూలలో తాపీ తిరగక బొటనవేలితో నొక్కేశాడు.
మేస్త్రీ అటు తిరిగి ఉంటే నేనూ అంతే.
ఆ కాలపు రాజెవరో, ఓడలెవరివో
పెద్దమ్మ పుస్తకంలో రాసుకుంటోంది.
ముట్టకూడదు. ముట్టాను.
ఆ గుంటలో నా వేలు కొంచెం వదులు.
వాడిది పెద్ద చెయ్యి.

శుక్రవారం పట్నం గుడికి వచ్చాను.
మలయాళం పూజ ముగించి వాళ్ళు బయటికి,
తెలుగు పూజకు మేం లోపలికి,
కొంకణి వాళ్ళు అప్పుడే గోడనీడలో వరస కట్టి.
గుమ్మంలో ఇరుకు, చెమట, ఎవరిదో అత్తరు.
కోడూరు లూర్దమ్మకు వాళ్ళ మామా ఇచ్చింది రెండు గంటలు,
అందులో ముప్పావు బస్సు తినేసింది.
లోపల చోటు లేక ఆవరణలో
ఎండకు కాలిన రాళ్ళ మీదే మోకరించింది.
ఒక ఫిలిప్పీన్ పిల్ల, ఎవరో ఏమో,
గొడుగు తెచ్చి ఆమె తల మీద పట్టి నిలబడింది,
తన పూజకు ఇంకా రెండు గంటలున్నా.
గేటు దగ్గర కాపలా లెబనాన్ ముసలాయన
పరలోక జపం అరబీలో గొణుగుతున్నాడు.
లూర్దమ్మ తెలుగులో చాలా వెనకబడింది,
మధ్యలో ముక్కు చీదుకుంది కూడా.
ఆమె "ఆమెన్" అనేదాకా
ఆయన తన ఆమెన్ నోట్లోనే ఆపుకున్నాడు.

అప్పుడు వచ్చింది, దెబ్బ లేకుండా,
ముప్పై ఏళ్ళు ఆలస్యంగా:
కథోలిక.

రాత్రి క్యాంపు మేడ మీంచి ఫోన్ చేశాను.
ఉపదేశి గారూ, మూడోది గుర్తొచ్చింది.
ఆయనకు చెవులు పోయాయి.
"ఎవరూ? అన్నం తిన్నావా?" అన్నాడు.
తిన్నానని చెప్పాను.
"అక్కడ గుడి ఉందా?" అన్నాడు.
ఏ గుడి సంగతి చెప్పాలో తేలక
ఫోన్ చెవిన పెట్టుకొని గోరు గీరుకుంటూ ఉండిపోయాను.
గోటి కింద దీవి జిప్సం
ఇంకా కాస్త ఉంది.